కదలకుండ చూస్కో అవ్వా

చిన్నక్కకు కోపం వస్తే ముందుగా ఆ ఇంటి గిన్నెలకు తెలుస్తుంది. ఆ రోజు మాత్రం గూడెంలో సగం ఇళ్ళకు తెలిసింది. గిన్నె మీద గిన్నె పడింది, మూత మీద గరిటె పడింది, చివరికి పాపం ఏ పాపమూ ఎరగని చాట వెళ్ళి గోడకు తగిలింది.

ఇంట్లో కరెంటు పొయ్యి ఆగిపోయి అది రెండో రోజు. ఎసట్లో పోసిన బియ్యం అటు అన్నమూ కాలేదు, ఇటు బియ్యంగానూ మిగల్లేదు. నల్లటి అద్దం మీద ఎర్రగా దువ్వెన బొమ్మ ఒకటి వెలిగింది, దాని పక్కన ఏదో అంకె వెలిగింది, పొయ్యి మూడుసార్లు కీచుమని మూగబోయింది. అది దువ్వెన కాదు, ఇంగ్లీషు 'E' అక్షరమని కోడలు శ్రావణి చెప్పింది. చిన్నక్క బడి మొహం చూసింది రెండు వానాకాలాలే, అందులోనూ ఒక వానాకాలం బడి కప్పు కారి సెలవులే. ఆమె కంటికి అది మూడు పళ్ళు మిగిలిన దువ్వెనే.

అసలు కోపం పొయ్యి మీద కాదు. కొడుకు పగిడయ్య మీద. మణుగూరు దగ్గర బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని అతనిది. తెల్లారుతూనే డ్యూటీకి పోతూ, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, తల్లి మొహం చూడకుండానే ఒక మాట పారేసి పోయాడు.

"నువ్వే ఖరాబ్ చేసినవమ్మా. ఇగ నువ్వు పొయ్యి ముట్టకు. మెకానిక్ వస్తడు, ఆయనతోని ఏం మాట్లాడకు. నేనొచ్చినంక చూస్త."

పొయ్యి ముట్టకు! ఎవరిని పట్టుకుని ఆ మాట? పినపాక అవతలి గూడెం నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చిన మర్నాడే అత్త గరిటె చేతికిచ్చి పక్కకు జరిగింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఉడికిన ప్రతి మెతుకూ చిన్నక్క చేతి మీదే ఉడికింది. గోదావరి పొంగి గూడెం మొత్తం బడి మేడ మీదికెక్కిన ఏడు, తడిసిన కట్టెలతో, మూడు ఇటుకల మీద, నలభై మందికి జావ కాచిందీ చిన్నక్కే. మొగుడు పోయిన నాడు కూడా వచ్చినవాళ్ళు ఆకలితో పోకూడదని, ఏడుస్తూనే ఎసరు పెట్టింది. అటువంటి చేతిని పొయ్యి ముట్టొద్దంటే, ఇక ఆ చేయి ఉన్నది దేనికి? కంచం ముందు చాపి కూర్చోవడానికా?

"వండకుండ తినుడంటే అడుక్క తినుడే," అని చాటకు చెప్పింది. చాట నేల మీద పడి ఉంది కనుక ఏమీ అనలేదు.

ఈ పొయ్యి ఇంటికి వచ్చిన తీరే ఆమెకు మొదటి నుంచీ గిట్టలేదు.

ఎండాకాలం ముందు దగ్గు ఎక్కువై, పగిడయ్య ఆమెను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు ఒక గొట్టం నోట పెట్టి ఊదమన్నాడు. ఆమె ఊదింది. ఇంకా గట్టిగా ఊదమన్నాడు. కళ్ళు తిరిగేలా ఊదింది. తర్వాత డాక్టరు ఆమెను బల్ల మీదే కూర్చోబెట్టి, కొడుకును తలుపు దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. పగిడయ్య తల ఊపాడు. "ఏమన్నడురా?" అని బస్సులో అడిగితే, "ఏం లేదే అమ్మా, పెద్దతనం దగ్గంట. ఈ మందు పీల్చమన్నడు," అని చేతిలో ఒక చిన్న గొట్టం పెట్టి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ తర్వాత ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఒకనాడు చీకటితోనే లేచి బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె అడివికి పోయింది. ఎండెక్కే వేళకు పూలతో తిరిగొచ్చేసరికి ఇంట్లో పొయ్యి లేదు.

అది మామూలు పొయ్యి కాదు. పుట్టమన్ను తెచ్చి, ఊక కలిపి, రెండు రోజులు తొక్కి, చేత్తో నునుపు పెట్టి ఆమె కట్టుకున్న రెండు కళ్ళ పొయ్యి. ఒక కంటి మీద అన్నం, ఒక కంటి మీద కూర. మద్ది కట్టె అయితే నిప్పు నిలుస్తుందనీ, మోదుగ అయితే పొగ తప్ప ఏమీ ఇవ్వదనీ, ఇప్పకొమ్మ మాత్రం చచ్చినా పొయ్యిలో పెట్టకూడదనీ ఆ పొయ్యి ముందే కోడలికి నేర్పింది. పండుగకు పెద్దలకు బువ్వ తీసి పెట్టేదీ ఆ పొయ్యి పక్కనే. దాన్ని కొడుకు గడ్డపారతో కొట్టి, ఆ మట్టినే చదును చేసి దిమ్మె చేసి, దాని మీద నల్లటి అద్దం పలకలాంటిది ఒకటి పెట్టించాడు.

పెట్టినవాడు రాజేష్ అనే మెకానిక్. మణుగూరు నుంచి బండి మీద వచ్చి, ఈ పొయ్యికి మామూలు ప్లగ్గు ఆగదని లావు వైరు లాగి, పెద్ద ప్లగ్గు బిగించి, షాక్ కొట్టకుండా పెరట్లో గుంత తవ్వి ఎర్తింగ్ పెట్టాడు. ఆ గుంతలోకి ఉప్పూ బొగ్గులూ కావాలంటే, పగిడయ్య ఆమె కుండలో దాచుకున్న మద్ది బొగ్గులన్నీ తెచ్చి పోశాడు. అంటే ఏమిటి? ఆమె పొయ్యిని కూల్చి, ఆ పొయ్యి బొగ్గులతోనే కొత్త పొయ్యికి పునాది వేశారు.

"ఎందుకురా ఇదంతా?" అని ఆమె అడిగితే, "అందరిండ్లల్ల వస్తున్నయమ్మా. మొన్ననే సున్నాలేసినం, గోడలన్ని మసి," అన్నాడు కొడుకు.

ఓహో, నా పొగ వీడి గోడకు బరువైందన్న మాట, అనుకుంది చిన్నక్క. ఆ మాట మూడు నెలలుగా గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

అయినా వండింది. వండకపోతే ఎట్లా? కోడలు అంగన్‌వాడీలో ఆయమ్మ, పొద్దున పోతే మళ్ళీ మూడు దాటాకే. ఏ గిన్నెకు పొయ్యి ఒప్పుకుంటుందో, దేనికి కీచుమంటుందో చిన్నక్క తనకు తానే కనిపెట్టింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వరసగా పెట్టి చూసింది. సత్తు గిన్నెలకు అసలు ఒప్పుకోలేదు. మట్టి కుండ మొహం కూడా చూడలేదు. స్టీలులో కొన్నిటికి ఔనంది, కొన్నిటికి కాదంది. ఇనుప మూకుడును మాత్రం సొంత బిడ్డలా దగ్గరికి తీసింది. ఇదంతా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక బండి చప్పుడైంది. రాజేష్ భుజాన సంచితో లోపలికి తొంగిచూశాడు.

"అవ్వా, సార్ లేడా?"

"సారెవడ్రా?"

"పగిడయ్య సార్."

"నా కడుపున పుట్టినోడు నీకెప్పుడు సారయ్యిండు? బాయికి పోయిండు. ఏందో నాకే చెప్పు."

"వారంటీ కార్డు ఆయన పేరు మీదున్నది అవ్వా. ఆయన రానీ. నీకు సమజ్ కాదులే."

చిన్నక్క చేతిలో అప్పటికి గరిటె ఉంది. ఆ గరిటెను ఆమె చాలా నెమ్మదిగా దిమ్మె మీద పెట్టింది. గిన్నెలు విసిరే కోపం ఒకటి, నెమ్మదిగా పెట్టే కోపం ఒకటి. రెండోది చెడ్డది.

"కార్డు వాని పేరు మీద, వంట నా పేరు మీద. పొయ్యి సూడు ముందు."

రాజేష్ వచ్చి ప్లగ్గు పీకి, పొయ్యిని రెండు చేతులా పట్టుకుని లేపబోయాడు. అది రాలేదు. ఇంకోసారి లాగాడు. కదల్లేదు. వంగి చూశాడు. పొయ్యి చుట్టూ, నాలుగు దిక్కులా, ఎర్రమన్ను నున్నగా అలికి ఉంది. అద్దం అంచు దాకా వచ్చి, గచ్చు చేసినట్టు, ఒక్క చీమ దూరే సందు కూడా లేదు. పైన అంచు వెంబడి తెల్లటి ముగ్గుపిండి గీత.

రాజేష్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓ అవ్వా, ఏందే ఇది! కరెంటు పొయ్యిని అలికినవా? పదేండ్ల సర్వీసుల గిట్లాంటిది చూడలే. ఆగు ఆగు, ఒక ఫోటో. మా గ్రూపుల పెడ్త, అందరు నవ్వుకుంటరు." ఫోను తీసి టక్కున కొట్టాడు. "ఇగ వారంటీ గిరంటీ ఏం లేదు. ఇది కస్టమర్ తప్పు అని రాస్త."

చిన్నక్క వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎవని తప్పు?"

"నీదే అవ్వా. మట్టి పెట్టింది నువ్వా, నేనా?"

"నేనే పెట్టిన. ఎందుకు పెట్టిన్నో తెల్సా? నువ్వు చెప్తే పెట్టిన."

"నేనా? నేనెప్పుడు చెప్పిన?"

"ఇను. ఆ నాడు నువ్వు నీలి గీతల అంగీ ఏసుకొచ్చినవ్, కుడి మోచేతి కాడ పిగిలున్నది. రెండు చెంబులు నీళ్ళు తాగినవ్, చెంబు బోర్లియ్యలే. నేను పూల బుట్ట దించేటప్పటికి నువ్వు సంచి సర్దుతున్నవ్. నా కొడుకుతోని గుసగుసలాడినవ్. నా దిక్కు మాత్రం సూడలే. బండెక్కినవ్, కిక్కు కొట్టినవ్, అప్పుడు మెడ తిప్పి ఒక్క మాటన్నవ్. 'కదలకుండ చూస్కో అవ్వా' అని. అన్నవా లేదా?"

రాజేష్ నవ్వు సగంలో ఆగింది. "అన్ననేమో. అంటే... జారి కింద పడొద్దని..."

"జారింది! నాలుగో నాడే జారింది. జావ కలుపుతుంటే అద్దంతోని సహా ముందుకొచ్చింది. జావ నా కాలు మీద పడ్డది, గిదో మచ్చ. నువ్వు సెప్పిన ఒక్క మాట యాదికొచ్చి పొయ్యి ముంగట రెండు కాళ్ళకు మన్ను పెట్టిన. కదలలే. ఆనలు పడంగనే కింది నుంచి చీమలు దూరినయ్. ఎనక గూడ అలికిన. వారం వారం అలికిన. పొయ్యిని అలకకుండ ఎవరుంచుతర్రా? నీ ఇంట్ల ఉంచుతరా? నాకు నువ్వు సెప్పింది ఒక్కటే మాట, ఆ ఒక్క మాట నేను తప్పలే. ఇప్పుడు ఫోటో తీసి నవ్వుకుంటవా? నీ మొకం మండ!"

"మిగతయన్ని సార్‌కు చెప్పిన అవ్వా," అన్నాడు రాజేష్, ఈసారి చిన్న గొంతుతో. "చుట్టూ జాగా ఇడువాలన్న, గిన్నెలు ఎట్లాంటియి పెట్టాల్నో చెప్పిన, అన్ని చెప్పిన."

"సారు వండుతడా?"

రాజేష్ ఫోను తీసి ఫోటో చెరిపేసి, తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. తెర మీద ఏముందో ఆమెకు తెలియదు గానీ, వాడి మొహంలో ఏముందో చూసి తలుపు వదిలింది.

రాజేష్ ఉలితో మన్ను గోకుతూ ఉండగానే శ్రావణి వచ్చింది, ఆమె వెనకే పగిడయ్య వచ్చాడు. ఒళ్ళంతా బొగ్గు దుమ్ము, కళ్ళు మాత్రం తెల్లగా. రాజేష్ పొయ్యిని బోర్లా తిప్పి, అడుగున ఉన్న చక్రాన్ని చూపించాడు. ఎర్రమన్ను పొడి, చచ్చిన చీమలు, ఒక బొద్దింక కాలు.

"ఇగో, ఇది ఫ్యాన్. కిందికెళ్ళి గాలి గుంజుతది, ఎనకకెళ్ళి ఇడుస్తది. నాలుగు దిక్కుల మూసేస్తే దీనికి ఊపిరాడలే. లోపల వేడెక్కి తనకు తానే బందయ్యింది. గంతే."

పగిడయ్య తల్లి వైపు తిరిగాడు. "అగో, ఇన్నవా? నేను చెప్పలే? అన్నింట్ల వేలు పెడ్తవ్. ముట్టకు అంటే ఇనవ్!"

"జాగా ఇడువాలని నాకెప్పుడు చెప్పినవురా?"

"చెప్పలే, అయితే ఏంది? ఆమాత్రం తెల్వదా?"

"నాకు గూడ చెప్పలే," అంది శ్రావణి గుమ్మంలోంచి. "అత్త అలుకుతుంటే మంచిగున్నదని ముగ్గేసింది నేనే."

భార్య కూడా అటు చేరేసరికి పగిడయ్యకు ఎటూ తోచలేదు. ఎటూ తోచని మగవాడు గొంతు పెంచుతాడు. "ఎవరి కోసం తెచ్చిననే ఇది? నా కోసమా? నీ కోసం గాదా! నీ ఊపిరితిత్తులు సగం మూసుకపోయినయని చెప్పిండు డాక్టర్! పొగల కూసుంటే ఇంక రెండేండ్లే అన్నడు!"

ఫ్యాను దుమ్ము దులుపుతున్న రాజేష్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

చిన్నక్క దిమ్మె మీద కూర్చుంది. కూర్చుని కొడుకును కింది నుంచి పై దాకా చూసింది. ఆమెకు భయం వేయలేదు. భయం వేయాల్సిన చోట మళ్ళీ కోపమే వచ్చింది, ఇందాకటి దానికంటే పెద్దది.

"ఎన్నడు చెప్పిండు?"

"భద్రాచలంల."

"ఎవరికి చెప్పిండు?"

పగిడయ్య చేతుల బొగ్గు దుమ్ము దులుపుకున్నాడు.

"నీకు చెప్పిండు. ఊపిరి నీదారా? ఊదింది నువ్వా? కండ్లు తిరిగింది నీకా? ఆడ కూసోని నేనే ఊదిన గదరా, ఆ ముచ్చట నాకు చెప్పనీకి వానికి నోరు రాలే, నీకు రాలే! గోడలు మసి అన్నవ్. మూడు నెల్ల సంది, నా కొడుకుకు నా పొగ బరువైందని నేను బువ్వ మింగలేదురా!"

"భయపడ్తవని చెప్పలేదమ్మా."

"గోదారి ఇంట్లకొచ్చినప్పుడు భయపడ్డనా? మీ నాయిన ఈ చేతులల్ల పోయినప్పుడు భయపడ్డనా? పొయ్యి సంగతి నీకు చెప్తరు, ఊపిరి సంగతి నీకు చెప్తరు. నేనేంది, దిమ్మె మీద పెట్టిన గిన్నెనా?"

దగ్గు వచ్చింది. శ్రావణి నీళ్ళు తెచ్చింది. చిన్నక్క నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, రాజేష్ వైపు తిరిగింది.

"నువ్వేందిరా సూస్తున్నవ్? తుడువు. తుడుసుకుంటనే చెప్పు, మొదటికెళ్ళి. ఆ నాడు వీనికి చెప్పినయన్ని ఇయ్యాల నాకు చెప్పు."

రాజేష్ చెప్పాడు. అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు, చుట్టూ జానెడు జాగా ఉండాలన్నాడు. వండిన వెంటనే ప్లగ్గు పీకొద్దు, లోపలి ఫ్యాను ఆగేదాకా ఆగాలన్నాడు. అద్దం మీద నీళ్ళు కుమ్మరించొద్దు, చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే చాలన్నాడు. నెలకోసారి పాత పళ్ళ బ్రష్షుతో కింద దుమ్ము దులపమన్నాడు. ఆమె మధ్యలో ఆపి ఆపి అడిగింది. "ఈ దువ్వెన మల్ల వస్తే?" "గాలి అందుతలేదని అవ్వా. బంద్ చేసి, అరగంట ఆగి చూడు." "సత్తు గిన్నెకెందుకు ఒప్పుకోదు?" రాజేష్ సంచిలోంచి చిన్న అయస్కాంతం ముక్క తీసి గిన్నె అడుగున పెట్టి చూపించాడు. అంటుకుంటే పనికొస్తుంది, జారితే పనికిరాదు. ఆ ముక్క ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఇవన్నీ ఒక్కసారి వింటే చాలు ఆమెకు, ఇక చచ్చేదాకా మరవదు.

నాలుగు ఇటుక ముక్కలు దిమ్మెకు మన్నుతో అతికించి, వాటి మీద పొయ్యి నిలబెట్టారు. ప్లగ్గు పెడితే లోపల ఫ్యాను గుయ్యిమంది. దువ్వెన లేదు.

"వారంటీ సంగతి?" అన్నాడు పగిడయ్య.

"పొయ్యికేం కాలేదు సార్. కార్డు మీద ఏం రాస్తలేను," అని రాజేష్ సంచి భుజాన వేసుకున్నాడు. ఈసారి బండెక్కక ముందే చిన్నక్క వైపు తిరిగి, "పోయొస్త అవ్వా," అన్నాడు.

"రా. వచ్చేనాడు 'సార్ లేడా' అనకు."

బండి పోయింది. శ్రావణి బియ్యం చాటలో పోసింది. చిన్నక్క ఆ చాట తీసుకుని కొడుకు చేతిలో పెట్టింది.

"నీకే చెప్పిండు గదా అన్ని. నువ్వే వండు."

"అమ్మా, డ్యూటీ చేసొచ్చిన..."

"వండు. ముట్టకు అన్నవ్ గదా, నేను ముట్ట."

పగిడయ్య స్నానం చేసి వచ్చి, బియ్యం కడిగి, గూట్లోంచి చేతికి అందిన గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాడు. సత్తు గిన్నె. మీట నొక్కాడు. కీచుమంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కీచుమంది. గిన్నె కాస్త జరిపి చూశాడు, మూత తీసి చూశాడు, ప్లగ్గు వైపు చూశాడు. శ్రావణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజేష్ ఇప్పుడే, పగిడయ్య ముందే, చెప్పి పోయిన మాట అది. ఇతను మాత్రం అప్పుడు వారంటీ గురించి ఆలోచిస్తున్నాడు.

చిన్నక్క గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. కొంగు ముడి వేళ్ళతో నొక్కి చూసుకుంది.

నాలుగోసారి కీచుమన్నాక పగిడయ్య వెనక్కి తిరిగాడు.

"అమ్మా... ఏ గిన్నె పెట్టాలె?"

"చెప్త," అంది చిన్నక్క. "ముందు ఇట్ల కూసో. డాక్టర్ ఏమన్నడో మొత్తం చెప్పు. మొదటికెళ్ళి. ఒక్క మాట ఇడిసిపెట్టినా నాకు తెలుస్తది."

పగిడయ్య మీట ఆపి, వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కాసేపు గోళ్ళలో ఇరుక్కున్న బొగ్గు చూసుకున్నాడు. తర్వాత, "ముందు ఆ గొట్టం ఊదిన కాగితం చూపిచ్చిండు," అని మొదలుపెట్టాడు.

"ఊఁ," అంది చిన్నక్క. "కాగితంల ఏమున్నది?"